‘మల్లీశ్వరి’ మెత్తని సినిమా కాదు

‘మల్లీశ్వరి’ పేరెత్తితే చాలు, దృశ్యకావ్యం అంటారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి పాటలు, సాలూరి రాజేశ్వరరావు బాణీలు, బావామరదళ్ళ అమాయకమైన ప్రేమ. కథ మాత్రం పలచన, నడక నిదానం అంటారు. బి.ఎన్. రెడ్డి 1951లో తీసిన ఈ సినిమాను ఈ పొగడ్తే చిన్నబుచ్చుతోందని నా వాదన.

బండి మీద ఇంటికి తిరిగొస్తూ బావామరదళ్ళు నాగరాజు, మల్లి వానకు దారిలో ఆగి తలదాచుకుంటారు. మల్లి ఆడిపాడుతుంది. మారువేషంలో అటుగా వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు, అల్లసాని పెద్దన చూసి మెచ్చుకుంటారు. వాళ్ళెవరో తెలియని నాగరాజు, రాయలవారితో చెప్పి మా మల్లికి పల్లకీ పంపించమంటాడు. ఉత్త సరదా మాట. ఎద్దుల పరుగు, వాన, ఆట అన్నీ తీరిగ్గా నడిచాయి కనుకే ఆ మాట మనకూ సరదాగానే వినిపిస్తుంది. నిదానమని విసుక్కునే చోటే దర్శకుడు మనల్ని ఏమరుపాటులో పట్టుకున్నాడు.

పల్లకీ నిజంగానే వస్తుంది. అప్పటికి నాగరాజు ఊళ్ళో లేడు. పేదవాడని అత్త నాగమ్మ చులకన చేస్తే, ఉలి పట్టుకుని సంపాదనకు వెళ్ళాడు. మల్లి రాణివాసం చేరుతుంది. అక్కడి ఆడది పరాయి మగవాణ్ణి కలిస్తే మరణశిక్ష. ఇందులో దుర్మార్గుడంటూ ఎవరూ లేరు. రాయలు తాను కళకు సన్మానం చేస్తున్నాననే నమ్మాడు. నాకు భయం వేసేది అందుకే. దుష్టుడుంటే వాడితో పోట్లాడవచ్చు, ఇంత పెద్దమనసుతో ఎవరు పోట్లాడగలరు?

మబ్బులతో కబురంపే పాటను మనం యుగళగీతంగా వింటున్నాం. తెర మీద ఆ ఇద్దరూ ఒకచోట లేరు. మల్లిగా భానుమతి ఒకవైపు, నాగరాజుగా ఎన్.టి. రామారావు మరోవైపు. పైనున్న మబ్బు తప్ప ఇద్దరికీ ఉమ్మడిగా ఏమీ మిగల్లేదు. ఈ పాటను కథ నుంచి విడదీసి, మాధుర్యం కోసమే వినేవాళ్ళు సగమే విన్నట్టు.

రాణివాసపు కట్టు దాటి కలుసుకున్న ఆ ఇద్దరినీ చివర రాజు క్షమించాడు కదా, సుఖాంతమే కదా అంటారు. ఏ నేరాన్ని క్షమించాడు? తన బావను తాను కలుసుకోవడం మల్లి ఊళ్ళో ఉండగా నేరం కాదు. రాయలు పంపిన పల్లకీ ఎక్కాకే అది నేరమైంది.