తీగ గడప దాకా వచ్చింది, చిరునామా రాలేదు

ఇవాళ మన పల్లెల్లోకి కూడా ఇంటర్నెట్ తీగ వచ్చింది. టీవీ కేబుల్ ఇచ్చే మనిషే దీన్నీ ఇస్తున్నాడు, నెల తిరక్కముందే వచ్చి డబ్బులు పట్టుకుపోతున్నాడు. పంచాయతీలకు ఫైబర్ వేసే పథకాన్ని కేంద్రం 2011లో ఒప్పుకుంది, తర్వాత దానికే భారత్‌నెట్ అని పేరు పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఫైబర్ నెట్‌ను 2017 డిసెంబరులో రాష్ట్రపతి ప్రారంభించారు. సరే, వచ్చింది. ఆ తీగలో సినిమా వస్తుంది, క్రికెట్ వస్తుంది, ఊరోళ్ల మాటలన్నీ మన ఇంట్లోకి వస్తాయి. మరి మన ఇంట్లో మాట అదే తీగ పట్టుకుని బయటికి పోతుందా? పోతుంది గానీ ఎవడో ఒక కంపెనీవాడి అరుగు మీద కూర్చుని చెప్పుకోవాలి. వాడు లెమ్మన్నప్పుడు లేవాలి. అట్లా కాకుండా మన గడపలోనే కూర్చుని, మా ఇంటికే రండి అని పిలిచి చెప్పుకునే దారి ఉందా లేదా? అది తేల్చుకోవాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఇది కంప్యూటరు చదువుకున్నోళ్ల గొడవ, మనకెందుకు అని పేజీ తిప్పెయ్యకండి. వెబ్‌సైటు అంటే ఆకాశంలో వేలాడేది కాదు. ఎక్కడో ఒకచోట ఒక కంప్యూటరు రాత్రింబగళ్లు నడుస్తుంటుంది. అందులో మన కాగితాలు, పాటలు, ఫొటోలు ఉంటాయి. ఎవరైనా అడిగితే తీసి ఇస్తుంది. అంతే. ఆ కంప్యూటరు అమెరికాలో ఉండొచ్చు, హైదరాబాదులో ఉండొచ్చు, మన వంటింటి అటక మీదా ఉండొచ్చు. ప్రపంచంలో మొదటి వెబ్‌సైటు 1990లో జెనీవా దగ్గరున్న సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్ లీ అనే ఆయన వాడుకునే కంప్యూటరులోనే ఉండేది. ఎవరన్నా తెలియక ఆపేస్తారేమోనని, ఇది సర్వరు, ఆపొద్దు అని దానికి ఒక చీటీ అంటించారు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ విద్యను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని రాసిచ్చేసింది. ఇచ్చేవాడు వేరు, పుచ్చుకునేవాడు వేరు అన్న వర్ణభేదం దాని పుట్టుకలో లేదు. తర్వాత పెట్టారు.

మేము బళ్లో పాఠాలు చెప్పుకునేవాళ్లం. మా ఇళ్లల్లో కాలేజీ మొహం చూసిన మొదటి తరం మేమే. మా దగ్గర కొంత సరుకు పోగుపడింది. ముసలమ్మలు నాట్లలో పాడిన పాటలు, పాత కరపత్రాలు, కేసుల తీర్పు నకళ్లు, పదో తరగతి పిల్లలకు రాసుకున్న నోట్సు. మొదట్లో ఇదంతా ఒక పెద్ద కంపెనీ పేజీలో పెట్టాం. ఒకరోజు పొద్దున లేచేసరికి పేజీ లేదు. మీరు మా నియమాలు తప్పారు అని ఒక ముక్క ఇంగ్లీషులో వచ్చింది. ఏ నియమం, ఏ పాట, ఎవరు ఫిర్యాదు చేశారు? ఎన్నిసార్లు రాసినా పలికినవాడు లేడు. పాటలు మా దగ్గర విడిగా ఉన్నాయి గనక బతికిపోయాయి.

ఇది మా ఒక్కరి సంగతి కాదు. లక్షల మంది సొంత పేజీలు కట్టుకున్న జియోసిటీస్‌ను యాహూ కంపెనీ 2009లో మూసేసింది. మన పిల్లలంతా ఎగబడ్డ ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. మైస్పేస్ అనేవాళ్లు పన్నెండేళ్ల పాటలు తమ సర్వర్లు మార్చేటప్పుడు పోయాయని 2019లో చెప్పి చేతులు దులుపుకున్నారు. 2020 జూన్ 29న మన ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. చైనాతో గొడవ ఏమైనా కానీ, చదువురాని మన ఆడోళ్లు, కూలిపిల్లలు చేసుకున్న ఆటపాటలు ఆ రాత్రికి రాత్రి కనపడకుండా పోయాయి. వాటికి నకళ్లు ఎందరు ఉంచుకున్నారు? 1920 జనవరి 31న అంబేద్కర్ మూక్‌నాయక్ పెట్టినప్పుడు, డబ్బులిస్తాం ప్రకటన వేయండన్నా కేసరి పత్రిక వేయలేదు. పత్రిక సొంతదైతేనే అందులో ఏముండాలో మనం చెప్పగలం. వెబ్‌సైటుకూ అదే లెక్క.

ఇంట్లో సైటు పెట్టడానికి ఎంత ఖర్చు అని అడుగుతారు. మేము పెట్టింది రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న పెట్టె. పిల్లలు కంప్యూటరు నేర్చుకోవాలని 2012లో బ్రిటన్‌లో చేశారు. అగ్గిపెట్టెలు నాలుగు పేర్చినంత ఉంటుంది. అయిదు వాట్లు తాగుతుందనుకుంటే నెలంతా ఆపకుండా నడిచినా 3.6 యూనిట్లు. మన జీరో బల్బుకన్నా ఎక్కువేం కాదు. అదీ కొనలేకపోతే మూలన పడేసిన పాత లాప్‌టాప్ చాలు. కరెంటు కాస్త ఎక్కువ తాగుతుంది గానీ దానికి బ్యాటరీ ఉంటుంది, కరెంటు పోయినా కాసేపు నిలబడుతుంది. మన పల్లెల్లో అది చిన్న లాభమేం కాదు. రౌటరుకు కూడా చిన్న బ్యాటరీ పెట్టుకోవాలి, లేకపోతే పెట్టె నడుస్తున్నా తీగ చచ్చిపోతుంది.

అంతమంది ఒక్కసారి వస్తే మన తీగ తట్టుకుంటుందా అని ఇంకో అనుమానం. లెక్క వేసి చూడండి. తెలుగులో ఒక్కో అక్షర సంకేతం మూడు బైట్లు. ఈ వ్యాసం మొత్తం 40 కిలోబైట్లు దాటదు. బయటికి పంపే వేగం 10 ఎంబీపీఎస్ ఉంటే సెకనుకు 30 మందికి ఈ వ్యాసం ఇవ్వొచ్చు. మన రాతలు సెకనుకు 30 మంది చదివే రోజు వస్తే అప్పుడు చూసుకుందాం. అయిదు నిమిషాల పాట అయిదు మెగాబైట్లు, ఒకరికి పంపడానికి నాలుగు సెకన్లు. వీడియోలు మాత్రం ఇంట్లో పెట్టొద్దు, ఆ బరువు ఈ తీగ మొయ్యదు.

కాబట్టి పెట్టె దొరుకుతుంది, కరెంటు దొరుకుతుంది, తీగా ఉంది. దొరకనిది చిరునామా. అసలు దెబ్బ అక్కడే కొడుతున్నారు.

మనలో చాలామందిమి సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదువుకున్నవాళ్లమే గనక ఆ లెక్కలోనే చెప్తాం. హాస్టల్లో నూరుమంది పిల్లలు. అందరికీ ఒకటే చిరునామా. పిల్లాడు ఇంటికి ఉత్తరం రాస్తాడు. ఎవరు ఎవరికి రాశారో వార్డెను పుస్తకంలో రాసుకుంటాడు. జవాబు వస్తే పుస్తకం చూసి ఆ పిల్లాడికి ఇస్తాడు. బాగానే ఉంది. కానీ బయటివాడెవడో, ఆ హాస్టల్లో బాగా పాడే పిల్లాడికి అని కొత్తగా ఒక ఉత్తరం వేస్తే? వార్డెను పుస్తకంలో లేదు గనక అవతల పారేస్తాడు. మన ఇంటి రౌటరు ఇట్లాంటి వార్డెనే. అయితే అది మన చేతిలో వార్డెను. ఫలానా తలుపు తట్టి వచ్చినవాళ్లని ఫలానా పెట్టె దగ్గరికి పంపు అని మనం దానికి చెప్పుకోవచ్చు. కానీ కంపెనీ ఆఫీసులో ఇంకో పెద్ద వార్డెను కూర్చుని ఉన్నాడు. వందల ఇళ్లను ఒకే చిరునామా కింద కట్టేశాడు. వాడికి మనం చెప్పేది లేదు, వాడు వినేదీ లేదు. మీ రౌటరులో బయటి చిరునామా 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే మీ ఇల్లు ఆ పెద్ద వార్డెను కింద ఉన్నట్టే.

ఎందుకిట్లా అంటే చిరునామాలు చాలవు అంటారు. నిజమే, పాత పద్ధతి చిరునామాలు మొత్తం 429 కోట్లే. మన ఆసియా ప్రాంతం వాటా 2011 ఏప్రిల్ నాటికే అడుగంటింది. కానీ అవి ఎవరెవరికి పంచారో కూడా చూడాలి గదా! అమెరికాలో ఎంఐటీ అనే ఒక్క విశ్వవిద్యాలయానికి కోటీ 67 లక్షల చిరునామాలు రాసిచ్చారు. ఫోర్డు కార్ల కంపెనీకి ఇంకో కోటీ 67 లక్షలు. ఎంఐటీ వాళ్లు వాడుకోలేక 2017లో సగం దాకా అమ్మకానికి పెట్టారు. ఈ కథ మనకు కొత్తదా? ముందొచ్చినవాడు ఊరి భూమంతా తన పేర రాయించుకున్నాడు, వెనకొచ్చినవాళ్లకు సెంటు లేదు, వాళ్లే మళ్లీ కౌలుకు తీసుకోవాలి. స్థిరమైన చిరునామా కావాలంటే విడిగా డబ్బులు కట్టమంటున్నారు మన కంపెనీలు. కొన్ని కంపెనీలు దుకాణదారుకైతే ఇస్తాం, ఇంటికివ్వం అంటున్నాయి.

ఇంకా విడ్డూరం ఏంటంటే, ఇప్పుడు కొత్త భూమి పుట్టింది. ఐపీవీ6 అనే కొత్త పద్ధతిలో చిరునామాలకు కరువే లేదు. ఇంటికి కాదు, ఇంట్లో ప్రతి బల్బుకూ ఒకటి ఇచ్చినా తరగవు. దాన్ని వాడే దేశాల్లో మన దేశం ముందు వరసలో ఉంది. మీ చేతిలో ఫోను బహుశా ఇప్పటికే దాని మీదే నడుస్తుంది. మరి ఇబ్బందేంటి? భూమి ఇచ్చారు, దారి ఇవ్వలేదు. బయటి నుంచి వచ్చేవాళ్లని రౌటరులోనే ఆపేస్తారు. కంపెనీవాడిచ్చిన రౌటరు తాళంచెవి మన దగ్గర ఉండదు. మన చిరునామాను కూడా వాడిష్టం వచ్చినప్పుడల్లా మార్చేస్తాడు. పట్టా చేతిలో పెట్టి పొలానికి బండిబాట ఇవ్వని తాసీల్దార్లను మనం చూడలేదా?

అడ్డదారి లేకపోలేదు. ఇంట్లో పెట్టె నుంచి బయట ఒక కంపెనీ దాకా సొరంగం తవ్వి, వచ్చేవాళ్లని అక్కడి నుంచి లోపలికి తెచ్చుకోవచ్చు. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లు ఇది ఉచితంగానే ఇస్తున్నారు. లేకపోతే నలుగురం కలిసి బయట చిన్న సర్వరు అద్దెకు తీసుకుని మన సొరంగం మనమే తవ్వుకోవచ్చు. ప్రస్తుతానికి ఇదే గతి అయితే చేయండి, మేము వద్దనం. కానీ సరుకు మన ఇంట్లో ఉన్నా వీధి తలుపు మళ్లీ పరాయివాడి చేతిలోనే ఉందని మరిచిపోవద్దు. 2025 నవంబరు 18న క్లౌడ్‌ఫ్లేర్ దెబ్బతింటే ప్రపంచంలో పెద్ద పెద్ద సైట్లే గంటల తరబడి మూగబోయాయి.

భద్రత సంగతి దాచకుండా చెప్పాలి. తలుపు తెరిచిన కాసేపటికే దొంగ యంత్రాలు వచ్చి తట్టి చూస్తాయి. అవి మనల్ని చూసి వచ్చేవి కావు, ప్రతి ఇల్లూ తడతాయి. ఉత్త కాగితాల్లాంటి పేజీలు పెట్టుకుంటే, లోపలికొచ్చి రాసే వసతి ఎవరికీ ఇవ్వకపోతే, పెట్టెను ఎప్పటికప్పుడు సరిచేసుకుంటుంటే చాలా మటుకు భయం లేదు. సైటుకు తాళం గుర్తు ఇచ్చే సర్టిఫికెట్లు లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 నుంచి ఉచితంగా ఇస్తుంది. అసలు భయం వేరే ఉంది. ఇంటి నుంచి నేరుగా నడిపే సైటు చిరునామా చూస్తే మీరు ఏ కంపెనీ తీగ వాడుతున్నారో, దాదాపు ఏ ప్రాంతమో తెలిసిపోతుంది. కనెక్షను ఎవరి పేరుతో ఉందో కంపెనీ దగ్గర రాసి ఉంటుంది. అందుకని అత్యాచార కేసుల్లో ఆడపిల్లల పేర్లు, సాక్షుల ఫొటోలు, ఇంకా విచారణలో ఉన్న కాగితాలు ఇంటి సైటులోనే కాదు, ఏ సైటులోనూ పెట్టొద్దు. ఇంట్లో ఉంది గనక ప్రభుత్వం ఆపలేదు అనుకోవడమూ భ్రమే. ఐటీ చట్టం 69ఏ కింద ఏ సైటునైనా ఆపమని కంపెనీలకు చెప్పే అధికారం కేంద్రానికి ఉంది. కాకపోతే ఆపినా సరుకు మన దగ్గరే ఉంటుంది. రెండో నకలు చుట్టాలింట్లో ఉంచితే ఇల్లు తగలబడినా ఉంటుంది.

పెద్ద కంపెనీల పేజీలు మానేయమని మేము అనడం లేదు. జనం అక్కడున్నారు, అక్కడికి పోవాల్సిందే. సంతకు పోతాం, అమ్ముకుంటాం, కానీ విత్తనాలు సంతలో దాచిరాం గదా. అసలు ప్రతి ఇంట్లో ఉంచుకుని నకలు అక్కడ పెట్టండి.

మన ఇంజనీరు తమ్ముళ్లు, చెల్లెళ్లతో ఒక మాట. రిజర్వేషను మీద సీటు తెచ్చుకుని హైదరాబాదులో, బెంగుళూరులో, అమెరికాలో కూడా పెద్ద పెద్ద కంపెనీల సర్వర్లకు రాత్రీ పగలూ కాపలా కాస్తున్నారు. సంతోషమే. పండక్కి వచ్చినప్పుడు రెండు పూటలు కేటాయించి మన పల్లెలో ఒక పెట్టె పెట్టి, ఇద్దరు పిల్లలకు నేర్పి పోవడానికి ఏం అడ్డం? మాకు ఈ పని నేర్పింది అట్లా సెలవుకు వచ్చిన ఒక అమ్మాయే. ఆ అమ్మాయి పోయాక పెట్టె ఆగిపోతే ఎవరు లేపాలి అన్న ప్రశ్న వచ్చింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలు లేపుతున్నారు.

2015లో ఇంటర్నెట్‌ను కంపెనీలు ముక్కలు చేసి అమ్మకూడదని పది లక్షల మందికి పైగా ట్రాయ్‌కి రాశారు. 2016 ఫిబ్రవరిలో ట్రాయ్ దిగివచ్చింది. రాస్తే ఫలితం ఉంటుందని అప్పుడే తేలింది. ఇంటి నుంచి ఇచ్చే హక్కు సంగతి అప్పుడు పెద్దగా చర్చకు రాలేదు, ఇప్పుడు రావాలి. ప్రభుత్వ డబ్బుతో వేసిన పంచాయతీ తీగల మీద, బడి తీగల మీదన్నా ముందు ఆ దారి తెరవాలి.

ఈ నెల డబ్బులకు కేబుల్ మనిషి వచ్చినప్పుడు అడగండి. మా ఇంటికి సొంత చిరునామా ఉందా, పదిమందితో కలిపి కట్టారా? ఐపీవీ6 ఇస్తున్నారా, ఇస్తే బయటివాళ్లు లోపలికి వచ్చే దారి తెరుస్తారా? రౌటరు తాళంచెవి మాకిస్తారా? స్థిర చిరునామాకు ఎంత అడుగుతారు? నాకేం తెలుసు సార్, ఆఫీసులో అడగాలి అంటాడు. అతన్ని కసురుకోవద్దు, అతనూ రోజుకూలివాడే. ఆఫీసు నంబరు తీసుకుని అక్కడ అడగండి, జవాబు కాగితం మీద ఇమ్మనండి. మీ ఊరు, మీ కంపెనీ, వాళ్లిచ్చిన జవాబు ఒక పోస్టుకార్డు మీద రాసి పత్రికకు పంపితే అన్నీ కలిపి వచ్చే సంచికల్లో పట్టిక వేయిస్తాం. ట్రాయ్‌కి రాసే ఉత్తరానికి దాన్నే జతచేద్దాం.