ప్రకటన వెలువడిన పిమ్మట

కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగమువారు 2000వ సంవత్సరమున నెలకొల్పిన ఫిస్ట్ పథకము విశ్వవిద్యాలయ శాఖలకు పరిశోధన పరికరములకై అయిదేండ్ల సాయము నొసగునట్టిది. ఆ ద్రవ్యము పోటీలో గెలువవలసినదే గాని పంక్తిలో వడ్డింపబడునది కాదు. మన ఆచార్యులీ సంగతి నెరుగరా? ఎరుగుదురు. అయినను పెక్కుచోట్ల ప్రకటన వెలువడిన పిమ్మటనే కలము వెదకుకొందురు. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబూనుట యిదియే.

అప్పుడు వర్తకుని ధరల పట్టీయే ప్రణాళిక యగును! అణు అయస్కాంత అనునాద యంత్రమును గోరుదురు; దాని అయస్కాంతమును చల్లగా నిలుపు ద్రవహీలియమును, సాయపు గడువు తీరిన వెనుక, ఎవరు కొందురో వ్రాయరు. ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిని గోరుదురు. నేల యదరని గది గలదో లేదో చూడరు. యంత్రము నడపువాని జీతమన్ననో, ఎవరికిని స్ఫురింపనే స్ఫురింపదు. ఓడినపిదప ఢిల్లీ పక్షపాతమని వాపోదురు. పక్షపాతము లేదని మేమును పూచీపడజాలము; కాని సగము వ్రాసిన దరఖాస్తును త్రోసివేయుటకు పక్షపాత మేల?

జంషెట్జీ తాతా పరిశోధనాలయమును దలపెట్టి, ముందుగా బుర్జోర్జీ పాద్షాను విదేశ విద్యాపీఠములు చూచిరా బంపెను. 1898 చివర ఆ ప్రణాళిక కర్జను ప్రభువు నెదుట నుండెను. తాతా 1904లో గతించెను. బెంగుళూరి సంస్థ 1909లో వెలసెను.

మనకంత కాలము పట్టనక్కరలేదు. ఉన్న యంత్రములెన్ని, ఏడాదికెన్ని గంటలు పనిచేయుచున్నవి, పొరుగు కళాశాలల కేవి కావలయును—ఈ లెక్కలు ప్రతి శాఖయు నేడే వ్రాసియుంచవలదా? నమూనాల డబ్బాను చంకబెట్టుకొని పరాయి యూళ్ల యంత్రశాలల వాకిట వంతుకై కాచియున్న మన పరిశోధక విద్యార్థికి శాఖాధిపతులు బదులు చెప్పవలయును.