యంత్రహిమము – తడిగుడ్డ పాఠము

కాళ్లకు పొడవైన పలకలు తొడిగికొని మంచువాలుపై జారు స్కీ క్రీడకు హిమమే ఆధారము. ఆ హిమమును నేడు యంత్రములు కూడ వెదజల్లుచున్నవి. 2022 ఫిబ్రవరిలో బీజింగు శీతకాల ఒలింపిక్ క్రీడలు దాదాపు పూర్తిగా యంత్రహిమముపైననే జరిగినవి. వానిలో భారతదేశము పక్షమున పాల్గొన్న క్రీడాకారుడు కాశ్మీర వాసి ఆరిఫ్ ఖాన్ ఒక్కరే. ఫిబ్రవరి 13న యాన్‌చింగ్ పర్వతముపై జరిగిన జయంట్ స్లాలం పందెమున ఆయనకు 45వ స్థానము లభించినది. యంత్రములు పరచిన ఆ బాటపై ఆనాడే అసలు మంచు దట్టముగా కురిసినది. దారి కానరాక రెండవ పరుగు ఆలస్యమైనది. ఈయవలసిననాడు ఈయక, వలదన్ననాడు కుమ్మరించుట ప్రకృతికి చెల్లును. యంత్రమునకు ఆ స్వేచ్ఛ లేదు.

వేసవిలో నిప్పులు చెరుగు మందమర్రి బాలునకు ఈ మంచుతో నేమి పని యని తోచవచ్చును. పని కలదు.

జపాను శాస్త్రజ్ఞుడు నకాయా 1936లో ప్రయోగశాలయందు కుందేలు వెంట్రుకపై ఆరు రేకుల హిమస్ఫటికమును తొలిసారి పెంచెను. 1950లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున పుట్టిన మంచుయంత్రమునకు అంత ఓపిక లేదు. అది నీటిని ఒత్తిడిగల గాలితో సన్నని తుంపరలుగా చిమ్మును. ఆ తుంపరలు నేలకు చేరులోపల గడ్డకట్టి గుండ్రని మంచురవ్వలగును. అయితే, ఆ చలిని యంత్రము సృష్టింపదు. పరిసరములందలి గాలినుండి అప్పు తెచ్చుకొనును.

ఎంత చలి కావలెనో తెలుపునది తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకము. అది సున్నకు దిగువ సుమారు 2 డిగ్రీలకు చేరినగాని యంత్రము సరిగా పనిచేయదు. గాలి పొడిగా నున్నచో మామూలు ఉష్ణమాపకము సున్నకు కొంచెము పైననున్నను మంచు కట్టును. తేమ నిండినచో సున్న వద్దనైనను కట్టదు. మంటికుండలో నీరు చల్లబడు సూత్రమే ఇది.

సింగరేణి గనులలోని కార్మికునకు ఈ తడి ఉష్ణమాపకము క్రొత్తది కాదు. బొగ్గుగనుల నిబంధనల ప్రకారము పనిచేయుచోట అది 33.5 డిగ్రీలు మించరాదు, 30.5 దాటినచో సెకనుకు కనీసము ఒక మీటరు వేగముతో గాలి ప్రసరింపవలెను. గాలిలో తేమ పెరిగినకొలది చెమట ఆరదు. చెమట ఆరనిచో దేహము చల్లబడదు. కొండపై క్రీడకు హద్దు గీచు సాధనమే గనిలో ప్రాణమునకు కావలి కాయుచున్నది.

చలి అప్పు దొరకని చోట దానిని విద్యుత్తుతో కొనవలెను. హైదరాబాదులో 2004లోను, దుబాయిలో 2005లోను గోడల నడుమ మంచువిహారములు వెలసినవి. దుబాయి మంచుశాలలో 400 మీటర్ల జారుడుబాట కలదు. దాని గోడల కావల, కరీంనగర్ పల్లెలనుండి కూలికై వెళ్లిన వారెందరో ఎండలో శ్రమించుచున్నారు; వేసవి మధ్యాహ్నములందు ఆరుబయట పని చేయింపరాదని అచ్చటి ప్రభుత్వమే శాసింపవలసి వచ్చినది. ఇక మన విద్యుత్తు మాట: మంచిర్యాల జిల్లా జైపూరులో సింగరేణి సంస్థ 2016లో ప్రారంభించిన 1,200 మెగావాట్ల కేంద్రము బొగ్గుతోనే నడచుచున్నది.

బొగ్గు కాలినపుడు వెలువడు బొగ్గుపులుసు వాయువు భూమిని వేడెక్కించుచున్నది. హిమాలయములందలి ఔలిలో 2018 జనవరిలో జరుగవలసిన అంతర్జాతీయ స్కీ పోటీలు మంచు చాలక రద్దయినవి. తరిగిన మంచును యంత్రముతో పూడ్చుటకు మరల ఇంధనము కావలెను. ఆ ఇంధనము మంచును మరింత తరుగజేయును. అప్పు తీర్చుటకు అప్పు చేయువాని కథ ఇది. ఇందు గనికార్మికుని దోషము లేదు. బొగ్గు త్రవ్వి దేశమునకు వెలుగిచ్చిన అతడే పెరుగుచున్న వేడిని ముందుగా దేహముపై అనుభవించుచున్నాడు. మంచుకు చలియెంత ముఖ్యమో, అతనికి చల్లని గాలి, విశ్రాంతి, త్రాగునీరు అంత ముఖ్యములు. వినోదమునకు దొరకు విద్యుత్తు శ్రామికుని గాలిపంకకు కొరవడరాదు.

ఉపాధ్యాయులు తరగతిలో రెండు ఉష్ణమాపకములు తెచ్చి, ఒకదానికి తడిగుడ్డ చుట్టి, రెండింటి అంకెలను ప్రతిదినము విద్యార్థులచే వ్రాయింతురుగాక. ఖర్చు స్వల్పము, ఫలము గొప్పది. తమ తండ్రి గనిలో పీల్చు గాలి ఎట్టిదో, దూరపు కొండపై మంచు ఏల తరుగుచున్నదో ఆ రెండంకెల నడుమ దూరమే వారికి బోధింపగలదు.