స్వాతంత్ర్య మెంతవఱకు? ఏ త్రోవను? ఎవరికి?

రాజకీయ చర్చలలో ఒకే మాట పలువురి నోళ్లలో పలు అర్థములను పొందుచుండును. స్వరాజ్య మను మాట యట్టిది. 1906లో కలకత్తా కాంగ్రెసు అధ్యక్షపీఠమునుండి దాదాభాయి నౌరోజీగారు ఈ మాటను పలికినపుడు, ఇంగ్లాండునకో, ఆ సామ్రాజ్యములోని స్వపరిపాలిత దేశములకో కల పాలన వంటిది మనకును కావలెనని వారి భావము. మఱుసటి సంవత్సరము బిపినచంద్రపాలుగారు మన తీరపు పట్టణములలో ఉపన్యసించుచు అదే మాటను వాడిరి. అచట దాని యర్థము బ్రిటిషువారి అదుపు లేని స్వపరిపాలనము. 1920లో నాగపూరు కాంగ్రెసు స్వరాజ్యమును ధ్యేయముగా నంగీకరించెను గాని, అది సామ్రాజ్యమునకు లోపలనా వెలుపలనా యను ప్రశ్నకు సమాధానమును తీర్మానములో చేర్పలేదు. ఆ మౌనము వలననే భిన్నాభిప్రాయులు ఒక పందిరి క్రింద నిలువగలిగిరి. 1921లో అహమ్మదాబాదు కాంగ్రెసులో మౌలానా హస్రత్ మోహానీగారు సంపూర్ణ స్వాతంత్ర్యమే ధ్యేయమని చెప్పవలెనని ప్రతిపాదింపగా, ఎదిరించిన వారు మహాత్మా గాంధీగారే.

ఇట్టి చరిత్రను చదువువారు మితవాదులు, అతివాదులు అను రెండు పేర్లు చాలునని భ్రమపడుచుందురు. ఆ పేర్లు ఒక పక్షము వేఱొక పక్షమునకు పెట్టినవి. వానిలో నింద యెక్కువ, నిర్వచనము తక్కువ. ఏ పక్షము యొక్క సిద్ధాంతమునైనను తెలియగోరువారు మూడు ప్రశ్నలు వేయవలసి యున్నది. సైన్యము, ధనాగారము, విదేశ వ్యవహారములు తుదకెవరి చేతిలో నుండును? ఆ యధికారమును ఏ మార్గమున సంపాదింతురు? సంపాదించిన పిదప అది ఎవరికి చెందును? ఈ మూడింటికిని ఒకే సమాధానము చెప్పు పక్షములు అరుదు. మొదటి ప్రశ్నలో ఏకీభవించినవారే మూడవదానిలో బద్ధవిరోధులు కావచ్చును.

1928, 1929 సంవత్సరముల వాదమును ఈ గీటురాతిపై పెట్టి చూతము. భారతీయుడొక్కడును లేని సైమను సంఘమును 1927లో నియమించినందున దేశము కోపించినది. భారతీయులు తమలో తామేకీభవించి రాజ్యాంగమును వ్రాసికొనలేరన్న యాక్షేపణకు ప్రత్యుత్తరముగా, మోతీలాలు నెహ్రూగారి యధ్యక్షతను అఖిలపక్ష సంఘ మొకటి కూర్చుండి, 1928 ఆగస్టులో తన నివేదికను వెలువరించెను. అది కోరినది అధినివేశ స్వరాజ్యము. అనగా కెనడా, ఆస్ట్రేలియాలకు గల ప్రతిపత్తి. తేజబహదూరు సప్రూగారి వంటి ఉదారవాదులకిది సమ్మతము. 1926 నాటి సామ్రాజ్య సమావేశము అధినివేశములు ఇంగ్లాండుతో సమానములని ప్రకటించి యున్నది గదా, పేరుకొఱకు పోరుటయేల యని వారి వాదము. పైగా ఎక్కువమంది ఒప్పుకొను కోర్కెకే బలమెక్కువ యని వారు తలచిరి.

జవహరులాలు, సుభాసుచంద్రబోసుగార్లు దీని కొప్పుకొనలేదు. కెనడా, ఆస్ట్రేలియాలలో అధికారము చేపట్టినవారు ఇంగ్లాండునుండి వలసపోయిన వారి సంతతి. మన సంబంధ మన్ననో, జయించినవాడు జయింపబడినవానితో పెట్టుకొన్న సంబంధము. ఆ బంధములో సమానత్వము మాటలలోనే యుండునని వీరి వాదము. అదే సంవత్సరము డిసెంబరులో కలకత్తా కాంగ్రెసున గాంధీగారు మధ్యమార్గము చూపిరి: నివేదికను ఆంగ్ల ప్రభుత్వము 1929 డిసెంబరు 31వ తేదీలోపల అంగీకరింపనియెడల కాంగ్రెసు అహింసాత్మకమైన సహాయ నిరాకరణమునకు పూనుకొనును. వెంటనే స్వాతంత్ర్యమే ధ్యేయమనవలెనను సుభాసుగారి సవరణకు అనుకూలముగా 973, ప్రతికూలముగా 1350 వోట్లు వచ్చినవి. ఓడిన పక్షము స్వల్పసంఖ్య కాదని పాఠకులు గమనింతురు గాక.

1929 అక్టోబరు 31న ఇర్విను ప్రభువు అధినివేశ ప్రతిపత్తియే భారత రాజ్యాంగాభివృద్ధికి సహజ ఫలితమని ప్రకటించెను. కాని యెప్పుడు? డిసెంబరు 23న నాయకులు ఆయనను కలిసి యడుగగా నిశ్చితమైన హామీ దొరకలేదు. ఇక లాహోరులో, జవహరులాలుగారి యధ్యక్షతను, పూర్ణస్వరాజ్య తీర్మానము నెగ్గినది. 1930 జనవరి 26న దేశమంతట స్వాతంత్ర్య ప్రతిజ్ఞ చదువబడినది.

ఐనను 1947 ఆగస్టు 15న మనము పొందినది చట్టరీత్యా అధినివేశ ప్రతిపత్తియే గదా, లాహోరు తీర్మానము వృథాయేనా యని అడుగువారు కలరు. ఈ యాక్షేపణలో మాట నిజము, ఊహ పొరపాటు. నడుమ 1931లో వెస్టుమినిస్టరు శాసనము వచ్చి, అధినివేశముల శాసనసభలపై లండను పార్లమెంటు పెత్తనమును చాలవఱకు తొలగించెను. 1947 నాటి చట్టము మన శాసనసభకు ఆ చట్టమునే త్రోసివేయగల యధికారము నొసగెను. తన తలుపు తాళముచెవి తన మొలను కట్టుకొన్న యింటిలో నుండుట వేఱు, చెవి పరుని చేతనున్న యింటిలో నుండుట వేఱు. కావుననే 1950 జనవరి 26న మనము ఎవరి యనుమతియు కోరక గణతంత్రము నెలకొల్పుకొంటిమి. 1949 ఏప్రిలులో లండనున కుదిరిన ఒడంబడిక ననుసరించి కామన్వెల్తులోను నిలిచితిమి. పేరొకటే యైనను అధికారపు పట్టు మాఱినది. మొదటి ప్రశ్న యొక్క విలువ యిదియే.

మూడవ ప్రశ్న భూమి గలవారికి మిక్కిలి ముఖ్యమైనది. 1928లో లక్నో అఖిలపక్ష సభ ఔధు తాలూకాదారుల తృప్తికై ఆస్తిహక్కులను కాపాడు నియమమును నివేదికలో చేర్చెను. జవహరులాలుగారి కది రుచింపలేదు. 1931లో కరాచీ కాంగ్రెసు రైతు శిస్తును, కౌలును తగ్గింపవలెననియు, వయోజనులందఱకు వోటుండవలెననియు తీర్మానించెను. 1937లో నియమింపబడిన చెన్నరాజధాని జమీందారీ విచారణ సంఘమునకు అధ్యక్షులు ప్రకాశం పంతులుగారు. భూమి రైతుదేయని ఆ సంఘము తేల్చెను. 1948లో జమీందారీ రద్దు శాసనమైనది. 1930లో లండను రౌండు టేబిలు సభలో డాక్టరు అంబేద్కరుగారు, ఆంగ్లపాలన వలన అస్పృశ్యుల దైన్యము తీఱలేదని చెప్పుచునే, రానున్న యధికారములో తమవారికి భాగము నిశ్చయము కావలెననిరి. వీరందఱును స్వపరిపాలనమును కోరినవారే. ఐనను వీరి స్వరాజ్యములు ఒక్కటి కావు.

ఈ భేదము మన తెలుగునేలపైననే ఘోరముగా తేటపడినది. 1947 జూనులో నైజాము ప్రభువు తాను ఆగస్టు 15 నుండి స్వతంత్రుడనని ఫర్మానా వెలువరించెను. మాట అదే, స్వాతంత్ర్యము! కాని యది ప్రజలనుండి ప్రభువునకు స్వాతంత్ర్యము. రామానందతీర్థస్వామి నాయకత్వమున స్టేటు కాంగ్రెసు భారతయూనియనులో చేరవలెనని పోరాడెను. తెలంగాణపు పల్లెలలో కమ్యూనిస్టుల వెంట నిలిచిన రైతులు దొరల భూములనుగూర్చి పోరాడిరి. 1948 సెప్టెంబరు 17న నైజాము ప్రభుత్వము లొంగిపోయినది. పిదప కూడ భూమి పోరాటము 1951 వఱకు సాగుటచే, ఆ రెండు పోరాటములు ఒక్కటి కావని రుజువైనది.

ఇట్టి వాదములు నేటికిని లోకమున ఆగలేదు. 2014లో స్కాట్లండున స్వాతంత్ర్యము కోరిన పక్షమువారే పౌండు నాణెమును, రాణిని నిలుపుకొందుమనిరి. ప్రజలలో నూటికి 55 మంది వలదనిరి. స్వాతంత్ర్యమను మాట వినినంతనే పొంగుటయు, వినినంతనే బెదరుటయు వివేకవంతులకు తగదు. ఎంతవఱకు, ఏ త్రోవను, ఎవరికి అని నిలదీసి యడుగవలెను. మూడింటికి సూటిగా బదులిచ్చు పక్షముతో మనము విభేదింపవచ్చును గాని, దానిని గౌరవింపవలెను. బదులు చెప్పక నినాదము చేయు పక్షము, మన పక్షమే యైనను, నమ్మదగినది కాదు.