పట్టా కావాలి... పట్టు వద్దా?

అద్దాల మేడ. ఆరో అంతస్తు సజ్జ కింద చాటంత తేనెపట్టు. పొద్దున్నే దాన్ని చూసిన ఉద్యోగి ఫొటో తీసుకున్నాడు. రెండో ఉద్యోగి కిటికీ మూశాడు. మూడో ఆయన మెయింటెనెన్స్‌ వాళ్లకి ఫోన్‌ చేశాడు. సాయంత్రానికి మందు కొట్టేవాళ్లు దిగారు. మర్నాడు ఊడ్చేవాళ్లకి చేటల కొద్దీ చచ్చిన ఈగలు! అదే మేడ రిసెప్షన్‌లో, అద్దాల ఫ్రేములో మెరిసిపోతూ 'ఇది హరిత భవనం' అని ఓ పట్టా.

పెద్ద నగరాల్లోని ఐటీ మేడల్లో పనిచేసేవాళ్లకి ఇదేమీ కొత్త దృశ్యం కాదు. విచిత్రం ఏమిటంటే, ఆ పట్టాకీ ఈ పట్టుకీ దగ్గరి చుట్టరికం ఉంది.

ఇంతకీ పట్టా ఎలా వస్తుంది? పరీక్షలో మార్కుల్లాగే. అమెరికాలో పుట్టిన 'లీడ్‌' పద్ధతిలో ఇప్పుడున్న లెక్క ప్రకారం మొత్తం 110 మార్కులు. 40 వస్తే పాస్‌, 80 వస్తే ప్లాటినం. నీళ్లు, కరెంటు ఎంత పొదుపు చేశారు, లోపలి గాలి ఎంత శుభ్రం, చుట్టూ ఉన్న నేలని ఏం చేశారు... అన్నిటికీ మార్కులే. ఈ విషయంలో హైదరాబాద్‌ది పెద్ద పేరు. కొత్తగూడ దగ్గర సీఐఐ కట్టిన గోద్రెజ్‌ గ్రీన్‌ బిజినెస్‌ సెంటర్‌కి 2003లో ప్లాటినం వచ్చింది. అమెరికా బయట ఆ గౌరవం దక్కిన మొదటి భవనం అదే. 2004 జులై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్‌ కలాం దాన్ని ప్రారంభించారు. దాని పైకప్పులో సగానికి పైగా తోటే!

2014లో 'వెల్‌' అనే మరో పట్టా వచ్చింది. ఇది కట్టడం కన్నా అందులో కూర్చునే మనిషి ఆరోగ్యం మీద ఎక్కువ దృష్టి పెడుతుంది. గాలి, నీరు, తిండి, వెలుతురు, నిశ్శబ్దం, మనసు... ఇలా పది అంశాలు. ప్రకృతి కంటికి కనిపిస్తోందా, వాడే పురుగుమందులు మనుషులకి హాని చేస్తున్నాయా అన్నవీ చూస్తుంది. పచ్చదనానికి మనసుతో, ఒంటితో పనేమిటి అంటారా? అమెరికాలో రోజర్‌ అల్రిచ్‌ అనే పరిశోధకుడు పిత్తాశయం ఆపరేషన్‌ అయిన 46 మంది రోగుల రికార్డులు తిరగేశాడు. కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు, ఇటుక గోడ కనిపించినవాళ్ల కన్నా త్వరగా ఇంటికెళ్లారు. నొప్పి మందులూ తక్కువే వాడారు. 1984లో అచ్చయిన ఆ అధ్యయనాన్ని ఇప్పటికీ భవనాలు కట్టేవాళ్లు చెప్పుకుంటారు.

సరే, ఇందులోకి తేనెటీగ ఎక్కడినుంచి వచ్చింది? దానికి ఏం కావాలో చూడండి. ఏడాది పొడవునా ఏదో ఒక పువ్వు. విషం లేని ఆకు. గుక్కెడు నీళ్లు. రాత్రిపూట చీకటి. ఈ నాలుగూ పట్టా ఇచ్చేవాళ్ల జాబితాలోనూ ఉన్నాయి! చదును చేసిన స్థలంలో 30 శాతాన్ని మళ్లీ స్థానిక మొక్కలతోనో, ఆ వాతావరణానికి అలవాటుపడ్డ మొక్కలతోనో నింపితే లీడ్‌ నాలుగో వెర్షన్‌లో 2 మార్కులు. అలాంటి మొక్కలకి నీళ్లు తక్కువ పడతాయి కాబట్టి ఆ పద్దులోనూ లాభమే. రైతులకి తెలిసిన సమగ్ర సస్యరక్షణ... అంటే ముందు పురుగుకి దారి మూసి, మందుని ఆఖరి అస్త్రంగా మాత్రమే వాడటం... దానికీ మార్కులున్నాయి. రాత్రి అక్కర్లేని లైట్లు ఆర్పితే కాంతి కాలుష్యం పద్దులో మరొకటి. అంటే ఈగ కోసం చేసే పని మనిషి ఖాతాలోనే జమవుతోందన్నమాట.

కానీ చాలాచోట్ల జరిగేది వేరు. తివాచీలా కత్తిరించిన లాన్‌, వరసగా క్రోటన్లు. కంటికి పచ్చగానే ఉంటుంది. తేనెటీగకి మాత్రం అది ఎడారి. పువ్వు ఉండదు, ఉన్నా మందు వాసన. కొందరు మేడ మీద నాలుగు తేనెపెట్టెలు పెట్టి ఫొటోలు దిగుతారు. అమెరికాలో షికాగో సిటీ హాల్‌ మీదా పెట్టెలున్నాయి. అయితే అక్కడ ముందు దాదాపు 20,000 మొక్కలతో తోట వేశారు, 2003లో ఈగలు వచ్చాయి. విస్తరి వేశాకే అతిథిని పిలవాలి. పువ్వుల్లేని చోట పెట్టెలు పెడితే ఉన్న కాస్త తేనె కోసం అడవి ఈగలతో పోటీయే మిగులుతుంది.

మన దగ్గర విస్తరికి కొదవా? కానుగ, వేప, నేరేడు, మునగ, తంగేడు, తులసి... ఒకదాని తర్వాత ఒకటి పూసేలా నాటుకుంటే చాలు. కరివేపాకు, నిమ్మ ఉంటే సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. మూల ఓ ఎండు దుంగ వదిలేస్తే తుమ్మెద ఇల్లు తొలుచుకుంటుంది. జానెడు మట్టినేల సిమెంటు చేయకుండా ఉంచితే అందులో గూడు కట్టే ఒంటరి తేనెటీగలూ వస్తాయి. పళ్లెంలో నాలుగు రాళ్లు వేసి నీళ్లు పోస్తే దాహం తీరుతుంది. వీటిలో ఏదీ లాన్‌ని రోజూ తడిపి కత్తిరించేంత ఖర్చు కాదు.

మరి ఆరో అంతస్తు పట్టు మాటేమిటి? ఆ భయం అబద్ధం కాదు. కొండ తేనెటీగలు గుంపుగా కుడితే ప్రాణం మీదికొస్తుంది. అయితే అవి వలస పక్షుల్లాంటివి. పూలకాలం అయిపోతే వాటంతట అవే వెళ్లిపోతాయి. అంతవరకూ దగ్గర్లోని కిటికీలు మూసి, కింద తాడు కట్టి, రాత్రి లైట్లు ఆర్పితే చాలావరకు ఇబ్బంది ఉండదు. దీపం కనబడితే రాత్రిపూట కూడా లోపలికి వస్తాయి మరి. రాళ్లు, పొగ జోలికి మాత్రం పోకూడదు. పట్టు సరిగ్గా గుమ్మం మీదే ఉంటే, చంపకుండా తరలించే పని తెలిసినవాళ్లని పిలవాలి.

ప్రపంచంలోని ముఖ్యమైన ఆహార పంటల్లో మూడొంతులకు పైగా ఎంతోకొంత పరాగసంపర్కం చేసే జీవుల మీద ఆధారపడ్డాయని ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో నడిచే నిపుణుల వేదిక 2016లో తేల్చింది. ఆఫీసు క్యాంటీన్‌లో వడ్డించే గుమ్మడికాయ పులుసు, బీరకాయ కూర, దోసకాయ పప్పు... అన్నీ ఏదో ఒక తోటలో ఏదో ఒక ఈగ వాలితేనే ప్లేట్లోకి వచ్చాయి.

వెల్‌ పట్టా గడువు మూడేళ్లు. తర్వాత మళ్లీ పరీక్షే. తనిఖీకి వచ్చే మనిషి ఎప్పుడో ఓసారి ఫైలు పట్టుకుని వస్తాడు. తులసి కంకి మీద వాలే ఇన్‌స్పెక్టరు మాత్రం రోజూ వస్తుంది. రాకపోతే ఫ్రేములో పట్టా ఎంత మెరిసినా, ఆ తోటలో ఏదో తేడా ఉన్నట్టే!