‘మంచి స్థితి’ అనగా ఎంత మంచి?



పాత చందమామల ప్రస్తావన వచ్చినప్పుడల్లా "పుస్తకం మంచి స్థితిలో ఉంది" అన్న వాక్యం ఒకటి తప్పక వినిపిస్తుంది. ఈ మాట మీద నాకు నమ్మకం పోయింది. పోగొట్టినవాణ్ణి నేనే.

వనపర్తిలో నాతో పనిచేసిన ఒక ఉపాధ్యాయుడు గతించిన పిమ్మట, ఆయన దాచుకున్న చందమామ బైండు పుస్తకాలను అమ్మదలచి, ఇంటివారు నన్ను జాబితా వ్రాసిమ్మన్నారు. అన్నీ 1960ల నాటివి. తెరవగానే నా బాల్యం కళ్లముందు నిలిచింది. ఆ మైకంలో ‘అత్యుత్తమ స్థితి’ అని వ్రాసేశాను. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దమనిషి మొదటి పుస్తకాన్ని రెండు నిమిషాలు తిరగవేసి, మారుమాటాడక మూసి పక్కన పెట్టాడు. వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రాల కోసం ఆయన వచ్చాడు. బైండింగు చేసినవాడు అట్టలన్నీ తీసివేసి, మూడు వైపులా అంచులు కోసి నున్నగా చేశాడు. ఆ ఇల్లాలు నా వైపు చూసిన చూపును నేటికీ మరువలేను.

ఆ తరువాతనే పాఠం మొదలుపెట్టాను. 1947 జూలైలో పుట్టిన చందమామ అచ్చమైన కామిక్ కాదు, బొమ్మల కథల మాసపత్రిక. అయినా అమెరికాలో కామిక్ పుస్తకాలు సేకరించేవారి కొలబద్ద దీనికీ సరిపోతుంది. అది 0.5 నుంచి 10 దాకా ఉంటుంది. అందులోని పేర్లే నాకు వింత గొలిపాయి. పదికి 2 వస్తే ‘గుడ్’, 4 వస్తే ‘వెరీ గుడ్’, 6 వస్తే ‘ఫైన్’, 9.4 వస్తేగాని ‘నియర్ మింట్’ కాదు. మింట్ అనగా టంకశాల. అప్పుడే అచ్చుపడిన నాణెం వంటిదన్నమాట. నూటికి ఇరవై మార్కులు తెచ్చుకున్న పిల్లవాణ్ణి ‘మంచి విద్యార్థి’ అన్నట్లున్నది వరుస! తరగతిలో సౌమ్యోక్తికి ఇంతకంటె మంచి ఉదాహరణ చెప్పి ఎరుగను.

కనుక విశేషణాన్ని వదలి దోషాన్ని చూడవలె. గద్వాల చీర కొనేవారు నూలు చీరకు పట్టు అంచు కలిసిన చోట చూపు నిలుపుతారు. పుస్తకానికి ఆ చోటు వెన్ను. పిన్నుల పక్కన పడే సన్నని అడ్డగీతలు, పుస్తకాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టితేనే కనబడతాయి. మడత పడినచోట రంగు నిలిచి ఉంటే చిన్న దోషం. రంగు లేచి తెల్లకాగితం బయటపడితే పెద్దది. పిన్ను తుప్పు కాగితానికి పాకిందా, నడిమి పుటలు ఊడినవా చూడాలి. సెల్లోటేపు అంటించి ఉంటే మరీ కష్టం. దాని జిగురు కాలక్రమాన పసుపుబారి కాగితాన్నే మరక చేస్తుంది. దానికంటె చిరుగే మేలు.

ఇక పుటలు లెక్కించక అంకె వేయరాదు. 1974 నాటి ‘ఇన్‌క్రెడిబుల్ హల్క్’ 181వ సంచిక లోపల, కత్తిరించి దాచుకొమ్మని చిన్న స్టాంపు బొమ్మ ముద్రించారు. పిల్లలు కత్తిరించారు. ఆ స్టాంపు లేని ప్రతి, పైకి ఎంత మెరిసినా, నేడు విలువలో ఎంతో దిగువ.

"బైండు చేయించబట్టే కదా అవి చెదలపాలు కాక దక్కాయి!" అని ఒక మిత్రుడు ఆక్షేపించారు. నిజమే. చదువుకోవడానికి బైండు పుస్తకానికి మించినది లేదు. కాని వ్యాకరణదోషమున్న పద్యంలోనూ రసం ఉండవచ్చు. అంతమాత్రాన దోషం దోషం కాకపోదు. మన మమకారాన్ని అంకెలో కలిపితే, నమ్మి కొన్నవాడికీ, అమ్మినవారికీ తలవంపులే. అలాగని 2000 నుంచి అమెరికాలో ఒక సంస్థ చేస్తున్నట్లు, అంకె వేసి, పుస్తకాన్ని ప్లాస్టిక్ పలకలో బిగించివేయడం నాకు రుచించదు. తెరిచి చదవరాని చందమామ ఎవరికి?

మొన్న నాగర్‌కర్నూలు నుంచి ఒక పూర్వవిద్యార్థి విడి సంచిక ఒకటి తెచ్చాడు. ఈసారి కాగితం మీద ఇలా వ్రాశాను: ‘అట్ట ఉన్నది. వెన్ను అడుగున అంగుళం చిరుగు. పిన్నులు రెండూ తుప్పు. పుటలు పూర్తి. అట్ట లోపలివైపు పెన్సిలుతో పేరు. 3.’

"తక్కువ వేశారు సార్" అని నసిగాడు. కాసేపాగి, "ఆ పేరు రబ్బరుతో తుడిపేస్తే పెరుగుతుందా సార్?" అన్నాడు.

ఎవరి పేరని అడిగాను. వాళ్లమ్మదట. తుడపవద్దన్నాను. అంకె మార్చలేదు.