జాబితా గోడమీద ఉంది, లెక్క మన చేతిలో లేదు

2023 ఆగస్టులో అనంతపురం జిల్లా పరిషత్ ముఖ్య కార్యనిర్వహణాధికారి సస్పెండయ్యారు. అంతకుముందు అదే పదవిలో పనిచేసిన అధికారిపైనా వేటు పడింది. ఉరవకొండ నియోజకవర్గంలో నిబంధనలు పాటించకుండా వేల ఓట్లు తొలగించారని శాసనసభ్యులు పయ్యావుల కేశవ్ కేంద్ర ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేశారు. దానిపై విచారణ జరిగిన తరువాత వచ్చిన చర్య అది. అక్కడ పోయిన ఓట్లు ఏ ఒక్క మతం వారివో కావు. అయినా ఆ ఉదంతాన్ని ఈ నెల మా పాఠకుల ముందుంచడానికి కారణముంది. శాసనసభ్యుడు పట్టుబట్టి అడిగితేగాని బయటపడని తొలగింపు, ఏ శాసనసభ్యుడూ అడగని మహల్లాలో జరిగితే ఎవరికి తెలుస్తుంది?

తెలుసుకోవడానికి వెబ్‌సైటు ఉంది కదా అంటారు. నిజమే. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎవరైనా తమ పేరు వెతుక్కోవచ్చు. బూత్‌వారీ జాబితాను దించుకోనూవచ్చు. అయితే ఆ తలుపు ఒక్కొక్కరు దూరేంత వెడల్పే ఉంది. ఒక్క ఓటరు కార్డు నంబరు కొట్టాలి, వంకర అక్షరాల క్యాప్చా నింపాలి, ఒక్క జవాబు పొందాలి. రెండు లక్షల ఓటర్లున్న నియోజకవర్గాన్ని ఇలా సరిచూడాలంటే, పేరుకు అరనిమిషం చొప్పున లక్ష నిమిషాలు పడుతుంది. రోజుకు ఎనిమిది గంటలు కూర్చున్నా 208 రోజులు దాటుతుంది. అభ్యంతరాలకు ఇచ్చే గడువు మాత్రం వారాల లెక్కనే ఉంటుంది.

బూత్ జాబితాను దించుకుంటే వచ్చేది అక్షరాలు కాదు, అక్షరాల ఫొటో. కంటికి పేరు కనిపిస్తుంది. కంప్యూటరుకు అది నల్లటి మరకల బొమ్మ. కిందటేటి జాబితాలో ఉండి ఈ యేటి జాబితాలో లేనివారెవరు అన్న చిన్న ప్రశ్నకు యంత్రం క్షణంలో చెప్పవలసిన జవాబు ఈ బొమ్మల దగ్గర ఆగిపోతుంది.

ఒక కంప్యూటరు మరో కంప్యూటరును నేరుగా అడిగి సమాచారం తీసుకునే ద్వారాన్ని సాంకేతికులు ఎ.పి.ఐ. అంటారు. బ్యాంకు యాప్‌లు, రైలు టికెట్ల యాప్‌లు అన్నీ దానిమీదే నడుస్తున్నాయి. ప్రభుత్వ సమాచారం యంత్రాలు చదవగల రూపంలో ప్రజలకు అందాలని కేంద్ర ప్రభుత్వమే 2012లో ఒక విధానం ప్రకటించింది, అందుకోసం డేటా.గవ్.ఇన్ అనే వేదికనూ నెలకొల్పింది. వర్షపాతం, పంటలు, మార్కెట్ ధరల వివరాలకు అలాంటి ద్వారాలు తెరిచారు. పౌరుని ఓటు ఉందో లేదో తేల్చే జాబితాకు మాత్రం తెరవలేదు.

ఈ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మధ్యప్రదేశ్ ముసాయిదా జాబితాలను వెతకగలిగే రూపంలో ఇప్పించాలని కమల్‌నాథ్ వేసిన పిటిషన్‌ను 2018 అక్టోబరు 12న న్యాయస్థానం తోసిపుచ్చింది. ఆ తీర్పులోనే మరో మాట కూడా ఉంది: కావాలనుకునేవారు తమ సొంత శ్రమతో ఆ జాబితాను వెతకగలిగే రూపంలోకి మార్చుకోవచ్చు. అంటే శ్రమపడటం నిషిద్ధం కాదు. ఆ శ్రమను ప్రభుత్వంపై మోపలేమన్నదే తీర్పు సారం. కోట్ల రూపాయలున్న పార్టీలకు ఆ శ్రమ ఒక పూట పని. మసీదు కమిటీకి, మహిళా సంఘానికి అది కొండంత బరువు.

ఆ బరువును మొదట ఎత్తుకున్నవారిలో మన తెలుగు నేలవారు ఉండటం గర్వకారణం. హైదరాబాద్‌కు చెందిన సాఫ్ట్‌వేర్ నిపుణుడు ఖాలిద్ సైఫుల్లా 2018 కర్ణాటక ఎన్నికలకు ముందు, జాబితాలో లేని ముస్లిం ఓటర్లను వెతికే యాప్‌ను రూపొందించారు. సచార్ కమిటీ సభ్య కార్యదర్శిగా పనిచేసిన ఆర్థికవేత్త అబూసాలెహ్ షరీఫ్ ఆ కృషికి గణాంకాల దన్ను ఇచ్చారు. పద్ధతి సులువైనదే. బూత్ జాబితాలను యంత్రం చదవగల రూపంలోకి మార్చి, ఒకే ఓటరున్న ఇళ్లను వేరుచేశారు. ఒక ఇంట్లో ఒక్కరే పెద్దవారు ఉండటం మన సమాజంలో అరుదు. కాబట్టి ఆ ఇంటి తలుపు తట్టి, మిగిలినవారి సంగతి కనుక్కోవాలి. యంత్రం అనుమానాన్ని మాత్రమే చూపింది. నిజాన్ని తేల్చింది గడప దగ్గర నిలబడి అడిగిన కార్యకర్త.

ఈ తేడాను అనంతపురం పీఠభూమి మరింత బాగా నేర్పుతుంది. నార్పల మండలం గూగూడులో పీర్ల పండుగకు లక్షల మంది చేరతారు. అక్కడి కుళ్ళాయప్ప పేరును హిందువులూ పెట్టుకుంటారు, ముస్లింలూ పెట్టుకుంటారు. దూదేకుల ఇళ్లలో హుస్సేనప్పలు, ఫకీరప్పలు, దస్తగిరులు, మస్తానమ్మలు ఉంటారు. పేరు చూసి మతం తేల్చే సాఫ్ట్‌వేర్ ఇక్కడ బోల్తా పడుతుంది. దానికితోడు ఒకే షేక్ ఇంటిపేరు ఒకచోట షేక్, ఒకచోట షేకు, మరొకచోట ఎస్.కె. అవుతుంది. మహమ్మద్, మొహమ్మద్, ఎం.డి. ఒకే ఇంటివారు కావచ్చు. పెళ్లయి వచ్చిన ఆడపడుచు పేరు చివర బీ పోయి బేగం చేరితే, యంత్రం దృష్టిలో ఆమె వేరే మనిషి. స్కాన్ బొమ్మలో ఒత్తు చెదిరినా, దీర్ఘం మాయమైనా అంతే. ఇలాంటి లెక్కను గుడ్డిగా నమ్మి ఆందోళనకు దిగితే, ఎదుటివారు ఒక్క తప్పు చూపించి మన నిజాలన్నిటినీ కొట్టిపారేస్తారు.

ఈ నేలకు కరవు తెచ్చిన చిక్కు మరొకటుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేనిది. వేరుసెనగ ఎండిన ఏడు కదిరి, హిందూపురం, రాయదుర్గం ప్రాంతాల కుటుంబాలు బెంగళూరు కట్టడాల దగ్గరికి వలసపోతాయి. బూత్ స్థాయి అధికారి వచ్చినప్పుడు ఇంటికి తాళం ఉంటుంది. 'ఇల్లు మారారు' అని కాగితంపై పడుతుంది. కానీ 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది: తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన ఎవరూ ఆ ఊరి నివాసి కాకుండా పోరు. ఊరు వదిలిపోయారన్న కారణంతో పేరు తీసేముందు ఆ వ్యక్తికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 22వ సెక్షన్ అంటోంది. చట్టం మన పక్షానే ఉంది. తాళం వేసిన ఇంటి తరఫున ఆ చట్టాన్ని గుర్తుచేసే గొంతే కావాలి.

2025లో బీహార్ ఇది ఊహాభయం కాదని చూపింది. ప్రత్యేక సమగ్ర సవరణ తరువాత ఆగస్టు 1న వెలువడిన ముసాయిదాలో 65 లక్షల పేర్లు లేవు. తొలుత యంత్రం చదవగల రూపంలో ఉన్న జాబితాల స్థానంలో కొద్ది రోజులకే స్కాన్ బొమ్మలు వచ్చాయని పత్రికలు బయటపెట్టాయి. తొలగించిన పేర్లను కారణాలతో సహా ప్రకటించాలని, ఓటరు కార్డు నంబరుతో వెతకగలిగేలా ఉంచాలని సుప్రీంకోర్టు ఆగస్టు 14న ఆదేశించేదాకా ఆ జాబితా ప్రజలకు దక్కలేదు. అక్టోబరు 27న ప్రకటించిన రెండో విడతలో పన్నెండు రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు చేరాయి. పొరుగున ఉన్న తమిళనాడు అందులో ఉంది, ఆంధ్రప్రదేశ్ లేదు. లేదు కదా అని నిద్రపోవడం వాన రాకముందే ఇంటికప్పు వేసుకోనివాడి తెలివి.

యంత్రం చదవగల జాబితా ఇస్తే ఓటర్ల గోప్యత దెబ్బతింటుందని, దాన్ని మార్చి దుర్వినియోగం చేస్తారని ఎన్నికల సంఘం వాదిస్తోంది. ఈ వాదాన్ని మేము తేలిగ్గా తీసుకోలేము. 2002లో గుజరాత్‌లో దాడులకు వచ్చిన మూకల చేతుల్లో ముస్లింల ఇళ్ల, దుకాణాల చిరునామాల కంప్యూటర్ జాబితాలు ఉన్నాయని హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక నమోదు చేసింది. పేర్ల జాబితా మనకు రక్షణ కాగలదు. మనపై ఆయుధమూ కాగలదు. అయితే స్కాన్ బొమ్మ ఆ ప్రమాదాన్ని ఆపుతుందా? డబ్బు, యంత్రాలు ఉన్నవారు ఆ బొమ్మలను ఒక్కరోజులో అక్షరాలుగా మార్చుకుంటారు. ఆగిపోయేది తన మహల్లా ఓట్లు సరిచూసుకోవాలనుకునే పేదవాడు మాత్రమే. దొంగను ఆపని తాళం ఇంటివాడిని బయట నిలబెడితే దాన్ని భద్రత అనలేము.

మరి దారి ఏమిటి? క్యాప్చాలను ఛేదించే దొంగ ప్రోగ్రాములు, సర్వర్‌పై వేల అభ్యర్థనలు కుమ్మరించడం మేము సమర్థించే పనులు కావు. హక్కు కోసం నిలబడేవారు చట్టం గీత దాటి ఎదుటివారి చేతికి నెపం అందించకూడదు. దారి ఈ జిల్లాలోనే ఉంది. 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం మొదలైంది నార్పల మండలం బండ్లపల్లిలో. అదే ఏడు అనంతపురం జిల్లాలో పెద్దయెత్తున సామాజిక తనిఖీ సాగింది. మస్టర్ రోలు చేతపట్టి ఇల్లిల్లూ తిరిగారు. గ్రామసభలో పేర్లు చదివి వినిపించారు. పనికి రానివారి పేర, చనిపోయినవారి పేర రాసిన దొంగ హాజరులను ఊరి జనమే పట్టుకోగల పద్ధతి అది. కాగితం లెక్క చెప్పింది, మనుషులు నిజం చెప్పారు.

ఓటర్ల జాబితాకూ ఆ పద్ధతే సరిపోతుంది. ఒక పోలింగ్ కేంద్రంలో 1,200 మందికి మించి ఓటర్లు ఉండకూడదని ఎన్నికల సంఘం 2025లో నిర్ణయించింది. ఒక మహల్లాలో ఇరవై మంది యువతీ యువకులు ముందుకొస్తే మనిషికి అరవై పేర్లు. ఒక ఆదివారం చాలు. రెండు లక్షల పేర్ల దగ్గర ఒక్కడిని ఓడించిన వెబ్‌సైటు, అరవై పేర్ల దగ్గర ఇరవై మందిని ఓడించలేదు.

ప్రతి మసీదు కమిటీకి మా సూచన ఇది. మీ బూత్ ప్రస్తుత జాబితాను ఇప్పుడే దించి భద్రపరచండి. రేపు కొత్తది వచ్చినప్పుడు పోల్చడానికి పాతది ఉండాలి. రెండింటినీ పక్కపక్కన పెట్టి, కనిపించని పేర్లకు గుర్తు పెట్టండి. ఒకే ఓటరున్న ఇళ్లనూ, వలసపోయిన ఇళ్లనూ ముందుగా చూడండి. స్త్రీల పేర్లు స్త్రీలే అడిగి సరిచూడాలి. అప్పుడే బీ, బేగం చిక్కులు విడతాయి. పేరు లేకపోతే ఫారం-6, తప్పుంటే, చిరునామా మారితే ఫారం-8 ఇప్పించండి, రశీదు తీసుకోండి. అన్యాయంగా తీసేస్తే 24వ సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేటుకు, ఆపైన రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేయవచ్చు. మొదటిదానికి 15 రోజులు, రెండోదానికి 30 రోజులే గడువు. పక్కింటి రామక్క పేరు లేకపోయినా అదే శ్రద్ధతో రాయించండి. ఇది మనవారి లెక్క మాత్రమే కాదు, మన ఊరి లెక్క.

ఇంకొక్క మాట. ఆ జాబితా మీ చేతిలో అమానత్. దాన్ని వాట్సాప్ గ్రూపుల్లో పంచకండి, ఏ పార్టీకీ అప్పగించకండి. ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు అందులో చేర్చకండి. పని ముగిశాక ఒక్క బాధ్యుని దగ్గర తప్ప మిగిలిన ప్రతులు ఉండకూడదు. ఎన్నికల సంఘాన్ని గోప్యత గురించి ప్రశ్నించే హక్కు, ముందు మనం దాన్ని పాటించినప్పుడే నిలుస్తుంది.

ప్రజల శ్రమ ప్రభుత్వ బాధ్యతను రద్దు చేయదు. అందుకే ఎన్నికల సంఘం నుంచి మేము కోరేది రెండే. ప్రతి సవరణలోనూ తొలగించిన పేర్ల జాబితాను, ఒక్కొక్క పేరుకూ కారణంతో సహా, బూత్‌వారీగా వెతకగలిగే రూపంలో ప్రకటించాలి. బీహార్‌కు న్యాయస్థానం ఆదేశిస్తే ఇచ్చినది, అనంతపురానికి అడగకుండానే ఇవ్వాలి. ఆ జాబితాను గ్రామ, వార్డు సచివాలయంలో చదివి వినిపించాలి. ఉపాధి కూలీ హాజరు పట్టీకి ఉన్న గౌరవం ఓటరు జాబితాకు ఎందుకు ఉండకూడదు?

ఉరవకొండలో న్యాయం జరిగింది. కానీ అది ఆలస్యంగా జరిగింది, అడగగలిగినవాడు ఉన్నందువల్ల జరిగింది. ప్రతి మహల్లాలో అడగగలిగేవారు ఇరవై మంది తయారైతే, రేపు తాళం వేసిన ఇంటి పేరును చడీచప్పుడు లేకుండా తుడిచేయడం ఎవరి తరమూ కాదు. ఈ శుక్రవారం నమాజు ముగిశాక ఆ ఇరవై మంది ఎవరో తేల్చుకోండి.